నలభై ఒకటో రిఫరెన్సు

జర్నల్ వాళ్ళ మెయిల్ బుధవారం పొద్దున వచ్చింది. స్టవ్ మీద పాలు పెట్టి ఫోన్ చూస్తూ నిలబడ్డాను. పాలు పొంగి గట్టంతా కారాయి గానీ మెయిల్ మాత్రం చివరిదాకా చదివాను. వ్యాసం బాగుంది, వచ్చే సంచికకు తీసుకుంటాం, అయితే చివర ఇచ్చిన రిఫరెన్సుల పట్టీ మా పద్ధతిలో లేదు, సరిచేసి శుక్రవారం సాయంత్రం అయిదులోపల పంపండి, ఆలస్యమైతే ఈ సంచికలో చోటు ఉండదు అని రాశారు. కింద ఒక ఫైలు జతచేసి, అందులో సందేహాలు గుర్తుపెట్టామన్నారు. ఆ ఫైలు తర్వాత చూద్దాంలే అనుకుని గట్టు తుడవడంలో పడ్డాను.

ఈ సంచికలో చోటు పోతే నా పని అయిపోయినట్టే. థీసిస్‌కు విశ్వవిద్యాలయం ఇచ్చిన గడువు అప్పటికే రెండుసార్లు పొడిగించుకున్నాను. ఆ నెలాఖరుతో అది ముగుస్తుంది, మూడోసారి ఇవ్వరు. థీసిస్‌తోపాటు ఒక్క వ్యాసమైనా అచ్చుకు ఒప్పుకున్నట్టు ఉత్తరం పెట్టాలి. ఆ ఉత్తరం లేకపోతే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. నగరి మరమగ్గాల వీధుల్లో ఏడేళ్ళు తిరిగి రాసుకున్నదంతా కట్టగట్టి అటకమీద పడెయ్యాలి. నాకు అసలే కోపం ముక్కుమీద ఉంటుంది. ఆ మూడు రోజులూ మా ఇంట్లో ఎవరూ నాతో గట్టిగా మాట్లాడే సాహసం చెయ్యలేదు.

మా డిపార్ట్‌మెంటులో రిఫరెన్సుల పట్టీని ఎవరూ మొదటినుంచి తయారుచేసుకోరు. సీనియర్ థీసిస్ ఇచ్చేసి వెళ్ళిపోయేటప్పుడు జూనియర్ చేతిలో ఒక పెన్‌డ్రైవ్ పెడతారు. అందులో పట్టీ ఉంటుంది. దాన్ని మేం పెద్దపట్టీ అనేవాళ్ళం. అది మా గైడు సారు థీసిస్‌తో మొదలైంది. ఆయన దగ్గర చేరిన ప్రతివాళ్ళూ దాన్ని అందుకుని, తాము చదివినవి నాలుగు కలిపి, తర్వాతివాళ్ళకు ఇచ్చి పోయారు. పెళ్ళిలో పెట్టిన ఇత్తడి బిందెలా అది చేతులు మారుతూ నా దాకా వచ్చింది. అందులో ఉన్నవన్నీ చదివారా అని అడగడం మర్యాద కాదు. నేనూ అడగలేదు.

అందువల్ల ఆ పట్టీ ఒక్కో కాలంలో ఒక్కో వేషం వేసుకుని ఉంది. ఒకచోట సంవత్సరం పేరు పక్కన, ఇంకోచోట చిట్టచివర. ఒకరు పుస్తకం పేరు కింద గీత గీశారు, మరొకరు వాలు అక్షరాల్లో పెట్టారు, ఇంకొకరు కొటేషన్లలో ఇరికించారు. మన వాళ్ళ ఇంటిపేరు ఏదో, సొంత పేరు ఏదో తెలియక ఒకే మనిషిని ముగ్గురు మనుషులుగా చేసి మూడు చోట్ల కూర్చోబెట్టినవీ ఉన్నాయి. మొత్తం ఎనభై మూడు. అన్నీ అక్షరక్రమంలో, ముందు నంబర్లతో. వ్యాసంలో ఎక్కడ వాడుకున్నామో అక్కడ ఆ నంబరే బ్రాకెట్టులో వెయ్యాలి. అదంతా సాఫ్ట్‌వేర్ చేస్తుందని లోకం అంటుంది. మా పట్టీని మాత్రం మొదటినుంచీ చేత్తో కొట్టారు గనక నేనూ చేత్తోనే దిద్దాలి.

మధ్యాహ్నానికి నలభై పూర్తిచేశాను. కామా తీసి ఫుల్‌స్టాప్, ఫుల్‌స్టాప్ తీసి కామా. కళ్ళు మండుతున్నా ఒక ఊపులో ఉన్నాను. నలభై ఒకటి దగ్గరికి వచ్చి, పేజీ నంబరు లేదే అని జర్నల్ వాళ్ళు పంపిన ఫైలు తెరిచాను. ఎనభై మూడింటిలో వాళ్ళు ఎర్రగా గుర్తుపెట్టింది ఆ ఒక్కదాన్నే.

అది నగరి ప్రాంతం నేతపనివాళ్ళ మీద చేసిన సర్వే రిపోర్టు. అచ్చుకాని టైపు ప్రతి అని ఉంది. జర్నల్ వాళ్ళు పక్కన ఇలా రాశారు. ఈ రిపోర్టు మాకు ఎక్కడా కనిపించలేదు. మీ గైడుగారి థీసిస్‌లోనూ దీని పేరే ఉంది గానీ ప్రతి ఎక్కడుందో లేదు. ఎక్కడ దొరుకుతుందో, ఏ పేజీయో తెలపండి. తెలపలేకపోతే దీనిమీద ఆధారపడిన వాక్యాన్ని తొలగించండి.

ఆ వాక్యం తీస్తే ఇక వ్యాసమే లేదు. ఒక మగ్గం దగ్గర ఇంట్లో నలుగురు పనిచేస్తారు, రిజిస్టరులో మాత్రం ఒక్కడే ఉంటాడు అన్నది ఆ వాక్యం. నూలు కండెలు చుట్టేవాళ్ళు, గంజి పెట్టేవాళ్ళు, తెగిన పోగులు అతికేవాళ్ళు ఏ లెక్కలోకీ రారు. నేను ఏడేళ్ళు రాసిందంతా ఆ ఒక్క మాట చుట్టూ తిరిగింది.

నాకు పెన్‌డ్రైవ్ ఇచ్చిన అక్కకు ఫోన్ చేశాను. పీహెచ్‌డీ పూర్తిచేసి, లెక్చరర్ ఉద్యోగం దొరక్క, శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తోంది. కంపెనీ బస్సులో ఉన్నట్టుంది, హారన్ల మధ్య గొంతు వినిపించింది.

"అక్కా, ఆ నగరి రిపోర్టు నువ్వు చూసినావా?"

"నేను యాడ చూసినానే? నాకు ఇచ్చినామె పట్టీలో ఉండాది, నేనూ పెట్టినా."

"పేజీ నంబరు అడుగుతా ఉండారు."

"పన్నెండో పేజీ అని పెట్టు. ఎవురు పోయి చూస్తారు? ఇంతవరకూ వచ్చి దాన్ని గెలక్కు తల్లీ. గెలికితే సారు మీదికి పోతాది, ఆడినుంచి మా అందరి మీదికీ వస్తాది." స్టాపు వచ్చిందని ఫోన్ పెట్టేసింది.

పన్నెండు అని కొట్టాను కూడా. అబద్ధం ఎందుకు చెప్పాలి, కొట్టాను. స్క్రీన్ మీద అది చక్కగా కుదిరిపోయింది, కామా తర్వాత, ఫుల్‌స్టాప్‌కు ముందు. దాన్ని చూస్తూ రెండు నిమిషాలు కూర్చున్నాను. అది అంత సులువుగా కుదిరిపోవడం చూసే నాకు భయం వేసింది. చెరిపేసి సారు గదికి బయల్దేరాను.

సారు మంచివాడు. ఇది ముందే చెప్పాలి, లేకపోతే తర్వాత చెప్పేదాన్ని బట్టి మీరు ఇంకోలా అనుకుంటారు. ఫెలోషిప్ ఆగిపోయిన ఏడాది నాకు పార్ట్‌టైమ్ క్లాసులు ఇప్పించింది ఆయనే. నగరిలో ఎవరినీ తిండి దగ్గర లేపి ప్రశ్నలడగొద్దని నేర్పిందీ ఆయనే. అలాంటి మనిషి, నేను నలభై ఒకటో నంబరు మాట ఎత్తగానే ముఖం మార్చేశాడు.

"నా థీసిస్‌లో ఉండాది కదా. నా థీసిస్‌నే ఆధారంగా చూపించు."

"మీ థీసిస్‌లో కూడా ప్రతి యాడుందో లేదు సార్. వాళ్ళు అదే అడుగుతా ఉండారు."

"ఆ కాలంలో సొసైటీ ఆఫీసులో చూసినాను. ఇప్పుడు ఉంటాదా, చెదలు తినుంటాది." కాగితాలు సర్దుతూ తలెత్తకుండా అన్నాడు. "ఇన్నేళ్ళలో ఇంతమంది వాడుకున్నారు, ఎవురూ అడగలేదు. నీకే నా మాట మీద నమ్మకం లేదా?"

అదేం లేదు సార్ అని బయటికొచ్చేశాను. నాకు వచ్చింది కోపమో భయమో నాకే తెలియలేదు. ఆయన ఎప్పుడూ ఎదుటివాళ్ళ ముఖం చూసి మాట్లాడతాడు.

గురువారం పొద్దున్నే నగరికని చెన్నై వైపు పోయే బస్సెక్కాను. ఒడిలో లాప్‌టాప్ పెట్టుకుని పుత్తూరు దాకా యాభై రెండు, యాభై మూడు, యాభై నాలుగు దిద్దుతూ పోయాను. బస్సు ఎగిరినప్పుడల్లా కామా ఒక చోట పడాల్సింది ఇంకో చోట పడేది. పక్కన కూర్చున్నామె, ఏం రాస్తా ఉండావు పాపా అంది. చుక్కలు పెడతా ఉండాను అన్నాను. పాపం, ముగ్గుల పుస్తకం అనుకుంది.

నగరిలో నేతపనివాళ్ళ సొసైటీ ఆఫీసు నాకు కొత్త కాదు. అక్కడ పెద్దాయన ఒకరున్నారు, పదవీ విరమణ అయినా రోజూ వచ్చి అదే కుర్చీలో కూర్చుంటారు. రిపోర్టు పేరు చదివి వినిపిస్తే నవ్వారు.

"సర్వేనా? ఈడ రిజిస్టరు రాసేదానికే మనుసులు లేరు, రిపోర్టు ఎవురు రాస్తారమ్మా? నేను చేరినప్పుటినుంచీ అట్లాంటిది లేదు. మీ యూనివర్సిటీ నుంచి మాత్రం ఒకబ్బి వస్తా ఉండె. బక్కగా, కండ్లద్దాలు పెట్టుకొని. ఈడ కూసునేవాడు కాదు. ఆ వీధి కొసన ఇల్లుండాది సూడు, ఆ అరుగు మిందే కూసోని రాసుకునేవాడు."

ఆ ఇంటి ముందుగదిలో రెండు మరమగ్గాలు ఆడుతున్నాయి. ఆ చప్పుడులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. కోడలు నన్ను వెనక వసారాలోకి తీసుకెళ్ళింది. అక్కడ ఒక అవ్వ నేలమీద కూర్చుని, పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులు కలిపి మెలిపెడుతోంది. పక్కన కొబ్బరి చిప్పలో బూడిద. వేళ్ళు బూడిదలో అద్దడం, రెండు కొసలు పట్టుకోవడం, ఒక్క మెలి. నేను మాట్లాడుతున్నంతసేపూ ఆ చేతులు ఆగలేదు.

"యాడినుంచి వచ్చినావు?"

"తిరుపతి నుంచవ్వా. యూనివర్సిటీ."

"ఓహో. ముందర ఒకబ్బి వచ్చినాడు ఆడినుంచే. అప్పుడు నేను మా కోడలంత ఉంటి. నేను పెట్టిన రాగిసంగటి తిన్నాడు, నేను చెప్పినదంతా రాసుకున్నాడు."

"ఏం చెప్పినారవ్వా?"

"ఏముండాది చెప్పేదానికి? మగ్గం కాడ మేం నలుగురం సస్తా ఉంటే సొసైటీ పుస్తకంలో మా ఇంటాయన పేరొకటే ఉండాది, నా పేరు యాడ అంటి. ఆఫీసులో అడిగితే నవ్వినారు. ఆ అబ్బి మాత్రం నవ్వలేదు. నీ పేరు నేను పుస్తకంలో వేస్తానక్కా, అచ్చయినాక తెచ్చి సూపిస్తా అన్నాడు."

ఆ వాక్యం. నా వ్యాసం మొదటి పేజీలో, మా సీనియర్లందరి థీసిస్‌లలో, ఇంగ్లీషులో బిగుసుకుని నిలబడిన ఆ వాక్యం. దాన్ని ఆ మనిషి నోటినుంచే, బూడిద చేతులతో ఉండగా విన్నాను. వెంటనే సారు మీద పట్టరాని కోపం వచ్చింది.

"మళ్ళా రాలేదు," అంది అవ్వ. "వేసినాడా నా పేరు?"

ఆమె అప్పుడొక్కసారి చేతులు ఆపి నా ముఖం చూసింది. "చూసి చెప్తానవ్వా," అన్నాను. సారు లాగే నేనూ ముఖం చూడకుండా అన్నాను. తర్వాత ఆమె పేరు, తండ్రి పేరు మొదటి అక్షరంతో సహా అడిగి రాసుకున్నాను. ఈ మాట ఆమె చెప్పిందేనని పుస్తకంలో వేయవచ్చా అనీ అడిగాను. "ఎయ్యి, ఎవురొద్దన్నారు?" అని మళ్ళీ పోగులందుకుంది.

తిరుగు బస్సులో ఒక్క రిఫరెన్సూ దిద్దలేదు. ఏం చేయాలో లెక్క వేసుకుంటూనే ఉన్నాను. రిపోర్టు లేదని రాసి అవ్వ చెప్పిందని పెడితే, మరి గైడుగారి థీసిస్‌లో ఉన్న రిపోర్టు సంగతేమిటని జర్నల్ వాళ్ళు అడిగి తీరతారు. అప్పుడు సారు పరువు పోతుంది, అదీ పదవిలో మిగిలిన ఆఖరి ఏడాదిలో. పన్నెండో పేజీ అని పెడితే నా ఏడేళ్ళు దక్కుతాయి, సారుకు ఏమీ కాదు. అవ్వకు కూడా ఏమీ కాదు, ఎందుకంటే ఆమెకు ఇంతవరకూ ఏమీ అయింది లేదు. అది తలుచుకునేసరికి ఏడుపొచ్చింది. చీర కొంగు అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగాను.

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి సారు గదిలోకి వెళ్ళాను. ఎనభై రెండు దిద్దేశాను. నలభై ఒకటి అలాగే ఎర్రగా ఉంది. లాప్‌టాప్ ఆయన ముందు పెట్టి నిలబడ్డాను. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నిన్న నగరికి పోయినాను సార్. వీధి కొస ఇంటికి."

ఆయన చేతిలో పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉండిపోయాడు. నాకైతే అరవాలనిపించింది. మూడు గంటల్లో నా బతుకు తేలిపోతుంటే ఈ మనిషి పెన్నుతో ఆడుకుంటున్నాడే అనిపించింది.

"ఆమె ఉండాదా?" అన్నాడు చివరికి.

"ఉండాది సార్. పోగులు అతుకుతా ఉండాది. మీరు పుస్తకం తెచ్చి చూపిస్తానని చెప్పినారంట కదా. పేరు వేసినాడా అని నన్ను అడిగింది. నేనేం చెప్పాలి?" నా గొంతు లేచింది. గైడు మీద గొంతు లేపడం మా దగ్గర ఎవరూ చేయని పని. చేశాను.

ఆయన నా ముఖం వైపు చూశాడు. బుధవారం నుంచి మొదటిసారి.

"థీసిస్‌లో ఆమె పేరే రాసినాను మొదట. మా గైడు కొట్టేసినాడు. మగ్గం కాడ ఆడామె చెప్పిందంటే ఎవురొప్పుకుంటారు, రిపోర్టేదైనా ఉంటే చూపించు, లేకుంటే ఆ మాట తీసెయ్ అన్నాడు. తీసేదానికి మనసు రాలేదు. టైపుకు ఇచ్చే గడువు దగ్గరికొచ్చింది. రిపోర్టు పేరొకటి రాసినాను." పెన్ను బల్ల మీద పెట్టేశాడు. "రిపోర్టు రాయలేదు, దాని పేరు మాత్రం రాసినాను. పట్టా వచ్చినాక దిద్దుకుందాం అనుకున్నాను. ఆలోపల దాన్ని ఎత్తుకొని ఒకరి తర్వాత ఒకరు మీరంతా వచ్చేసినారు."

కోపం ఉన్నపళంగా పోయింది అని రాస్తే బాగుండేది. పోలేదు. కానీ ఆ గడువు ఏమిటో, టైపుకు ముందు రోజుల్లో మనిషి ఎంతకు దిగజారగలడో నాకు బుధవారమే తెలిసింది. ఆ పన్నెండు నేనూ కొట్టానుగా.

జర్నల్ వాళ్ళ నియమాలు తెరిచి చూపించాను. నోటిమాటగా విన్నది పట్టీలో పెట్టకూడదు. వ్యాసం లోపల, ఆ వాక్యం పక్కనే, చెప్పిన మనిషి పేరు, ఊరు, ముఖాముఖి చెప్పినది అని బ్రాకెట్టులో రాయాలి. సారు లాప్‌టాప్ తనవైపు తిప్పుకున్నాడు. పేరు నేను చెప్పబోతుంటే చెయ్యెత్తి ఆపాడు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తనే కొట్టాడు. నా నోట్‌బుక్ తెరిచి సరిచూసుకున్నాను. తండ్రి పేరు మొదటి అక్షరంతో సహా సరిగ్గా ఉంది. ఇన్నేళ్ళూ ఆ పేరు ఆయనకు గుర్తుంది.

"కింద ఒక నోటు రాయి," అన్నాడు. "ఈ మాటకు ఆధారంగా నా థీసిస్‌లో చూపిన రిపోర్టు లేదు, అసలు ఆధారం ఈమే, తప్పు నాది అని. నా పేరుతోనే రాయి."

"సార్..."

"టైమెంతయింది చూడు."

మూడూ పది. నలభై ఒకటి తీసేయగానే కింద ఉన్న నలభై రెండింటి నంబర్లూ ఒక్కొక్కటి పైకి జరగాలి. పట్టీలోనే కాదు, వ్యాసంలో ఎక్కడెక్కడ వాటి నంబరు వేశామో అక్కడల్లా మార్చాలి. ఒక్కటి తప్పినా తర్వాతివన్నీ ఒకరి మాట ఇంకొకరి నెత్తిన పడతాయి. సారు కాగితం మీద పాత నంబరు, కొత్త నంబరు రాసుకుని చదువుతుంటే నేను దిద్దాను. అరవై ఏడు దగ్గర తప్పు దొర్లింది. ఎక్కడ తప్పామో తెలియక మళ్ళీ యాభై నుంచి మొదలుపెట్టాం. నా వేళ్ళకు చెమట పట్టి కీబోర్డు మీద జారాయి. ఆయన రెండుసార్లు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. నాలుగూ యాభై రెండుకు పంపు అన్న బటన్ నొక్కాను. అది చేరినట్టు జవాబు వచ్చేదాకా ఇద్దరం స్క్రీన్ చూస్తూ కూర్చున్నాం.

ఉత్తరం మరుసటి వారం వచ్చింది. వ్యాసం తీసుకున్నారు, నోటుతో సహా. శ్రీ సిటీ అక్క నాతో మాట్లాడ్డం మానేసింది. సారుకు విశ్వవిద్యాలయం నుంచి వివరణ అడుగుతూ ఒక కాగితం వచ్చింది. దాని సంగతి ఇంకా తేలలేదు. నా థీసిస్ మాత్రం గడువులోపలే ఇచ్చాను. నా జూనియర్ పెన్‌డ్రైవ్ అడిగితే ఇవ్వలేదు. లైబ్రరీకి పోయి మొదటినుంచి రాసుకోమన్నాను, ముఖం మాడ్చుకుంది.

అచ్చయిన పేజీలు తీసుకుని నగరికి వెళ్ళిన రోజు సారు కూడా వచ్చాడు. వీధి మొదట్లోకి రాగానే ఆగిపోయి, నువ్వు ముందు పో అన్నాడు. బతిమాలినా కదల్లేదు. నేనొక్కదాన్నే వసారాలోకి వెళ్ళి అవ్వ ముందు కూర్చున్నాను. అలవాటుకొద్దీ పేజీలు వెనక పట్టీ దగ్గర తెరిచాను. కోడలు వేలు పెట్టుకుంటూ ఒక్కో పేరూ చూసుకుంటూ పోయింది. ఎనభై రెండూ అయిపోయాయి.

"ఈడ లేదే," అంది కోడలు.

గబగబా ముందుకు తిప్పి మొదటి పేజీలో వాక్యం పక్కన చూపించాను. కోడలు ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని పేరు పైకి చదివింది. అవ్వ బూడిద చేతులు చీరకు తుడుచుకుని, కాగితం తీసుకుని, ఆ చోటు మీద బొటనవేలు పెట్టి చాలాసేపు ఉంచింది. పేరు కింద సన్నగా బూడిద మరక పడింది.

"అది ఎవురు వేసినారు, నువ్వా?"

"కాదవ్వా. ఆ అబ్బే. చేత్తో కొట్టి వేసినాడు."

"మరి యాడ ఆ అబ్బి?"

వీధి మొదట్లో ఉండాడు, లోపలికి రాడంట అన్నాను. అవ్వ తల వంచి మళ్ళీ రెండు పోగుల కొసలు పట్టుకుంది, వెంటనే వదిలేసింది.

"పొయ్యి పిల్చకరా," అంది కోడలితో. "సంగటి ఉండాదని చెప్పు. ఎండలో నిలబడుకొని ఏం చేస్తాడు?"